బలుసు

ఆరిలోవ, నాలుగో వీధి, వాల్వు నంబరు పదకొండు.
తెల్లారగట్ల నాలుగూ ముప్పావుకి
ఇనప తాళంచెవి భుజానేసుకుని బయల్దేరతాను.
ఏడు చుట్లు తిప్పితే వీధికి నీళ్లు,
ఏడు చుట్లు వెనక్కి తిప్పితే నాకు తిట్లు.
ఇరవయ్యొక్కేళ్లుగా ఇదే ఉద్యోగం.

నీళ్లొదిలేవాడి పెరడు పచ్చగా ఉంటుందని వీధి నమ్మకం.
హుద్‌హుద్‌కి వేప కూలిపోయాక
మా పెరట్లో నీడే లేదు.
కొండరాతి మీద జానెడు మన్ను,
ఆ మన్ను మీద పగలంతా ఉప్పుగాలి.
పెట్టిన మందారమల్లా కాగితంలా మాడేది.

ఆకుకూరల గంపతో కాపులుప్పాడ నుంచి వచ్చే సన్యాసమ్మ
ఒకనాడు గంప అడుగు నుంచి
వేరుకి మట్టయినా సరిగా లేని
ముళ్లమొక్కొకటి తీసి గట్టు మీద పడేసింది.
"ఎర్రమట్టి దిబ్బల కాడిది. బలుసు.
పాతీ. పాతీసి మరిసిపో."

మరిచిపోవడం నాకు రాదు.
రోజూ చెంబుడు పోశాను.
వీధికి కట్టేసిన నీళ్లు దీనికి పెడుతున్నానని
లోపల్లోపల దొంగ తృప్తి కూడా.
పదిహేను రోజులకి ఆకులు పసుపెక్కి రాలాయి.
సన్యాసమ్మ వేలితో మన్ను కెలికి
నా వంక చూసింది,
పసిపిల్లకి సారా పట్టినవాణ్ణి చూసినట్టు.
"నీలోసి సంపేత్తన్నావు బావూ.
దానికి దాహం అలవాటవ్వాల.
నువ్వు అవనిత్తన్నావేటి?"

చెంబు బోర్లించాను.

ఏప్రిల్లో రిజర్వాయరు అడుగు కనపడింది.
రోజు విడిచి రోజన్నారు, తర్వాత మూడ్రోజులకోసారి.
మనుషులు నిద్రపోయినా బిందెలు వరసలో నిలబడే ఉన్నాయి.
మేడ మీది హైమావతిగారు
నా చేతిలో తాళంచెవి లాక్కుని తనే తిప్పబోయింది.
కదల్లేదు. ఆ గుంత పక్కనే కూలబడి ఏడ్చింది.
పైన ట్యాంకులోనే లేదమ్మా అని
ఎన్నిసార్లని చెప్పను.

ఆ మధ్యాహ్నం ఇంటికొస్తే
బలుసు సగం ఆకులు రాల్చేసి ఉంది.
పోయిందనుకున్నాను.
కొమ్మని గోటితో గీకితే
లోపల పచ్చ.
గోరంత, నిజంగా గోరంతే.

ఖర్చు తగ్గించుకుందన్నమాట,
ఇరవయ్యెనిమిదో తారీకు ఇల్లాలిలా.
వేరు మాత్రం
నా మ్యాపులో లేని లైనొకటి వేసుకుంటూ
చీకట్లోకి దిగుతోంది.
దానికి లీకులుండవు, మీటరుండదు,
ఎవడి తాళంచెవీ అక్కడిదాకా రాదు.
నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది, ఎందుకో.

మా నాన్న పోర్టులో బొగ్గు దించేవాడు.
ఓడ రాని రోజున, కూలి లేని పూట
"బతికుంటే బలుసాకు తినొచ్చురా" అనేవాడు.
అది ఓడిపోయినవాడి మాటనుకునేవాణ్ణి.
ఆ ఆకు ఆయనా చూశాడో లేదో.
నేను చూసింది యాభై దాటాక,
జూన్లో తొలివాన పడిన నాలుగోనాడు,
జంటముళ్ల మధ్య జంటాకులు
పిల్లి చెవుల్లా లేచినప్పుడు.
కోస్తుంటే బొటనవేలికి గుచ్చుకుంది.
నెత్తురు చూసి మా ఆవిడ నవ్వింది.
ఆ రాత్రి సామెతని కందిపప్పులో వేసుకు తిన్నాం.
కాస్త వగరు. ఉప్పు తక్కువైంది.

నిన్న హైమావతిగారొచ్చింది.
వాల్వు దగ్గరి గొడవ ఇద్దరం ఎత్తలేదు.
పసుపు తిరిగిన పళ్లు నాలుగు చేతిలో పెట్టి
తిని గింజలు ఉమ్మెయ్యకండి, పాతండి అన్నాను.
"నీళ్లెప్పుడెప్పుడు పొయ్యాలి?"
ఇన్నేళ్లుగా వీధి వీధంతా అడిగే ప్రశ్నే.
తలొంచుకోకుండా, వాచీ చూసుకోకుండా,
పై ఆఫీసు మీదకి తోసెయ్యకుండా
మొదటిసారి జవాబు చెప్పాను:
"నాటిన నాలుగు రోజులు. తర్వాత అక్కర్లేదండీ."

నమ్మలేదావిడ.
ఖాళీ బిందె చంకనుంచి దింపి
వంగి, ఒక్క ముల్లుని
మెల్లిగా ముట్టుకు చూసింది.